దైవదాస్యమునందలి స్వాతంత్ర్యము

(మన కులసంఘ వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)

ఈ యుదయము మతవిషయమున రెండుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. కులసభలో మతప్రసంగ మేలయని కొందఱు సందేహింపవచ్చును. ఈ పందిటిక్రింద క్రైస్తవులును, హైందవులును, బౌద్ధదీక్ష గైకొన్నవారును, ఏ మతమును వలదనువారును ఒక్క చాపమీదనే కూర్చుండియున్నారు. ఎవరినైనను వారి త్రోవనుండి మరలింపవలెనని మేము రాలేదు. మన అరుంధతీయులలో ననేకులు నూటయేబది సంవత్సరములకు పైగా నమ్మి నడచిన మార్గమున ఒక చిక్కుప్రశ్న యున్నది. దానిని మీ యెదుట పెట్టి, మాకు తోచినంతవఱకు విప్పిచూడవలెనని మాత్రమే మా కోరిక.

ఆ ప్రశ్న నిన్న రాత్రి భోజనములవేళ నొక యువకుడు మమ్మడిగినదే. "అయ్యా, మన తాతముత్తాతలు తరతరములుగా వంగి వంగి నడుములు విఱుగగొట్టుకొనిరి. కరణమునకు వంగిరి, మునసబునకు వంగిరి, పొలముగల ప్రతివానికిని వంగిరి. అది చాలక మీరు దేవునికిగూడ వంగుమనుచున్నారు. పైగా అందులోనే స్వాతంత్ర్య మున్నదనుచున్నారు. యజమానుని మార్చుకొనుట విడుదల యెట్లగును?" అని యతడడిగెను. అతడు డాక్టరు అంబేడ్కరుగారి గ్రంథములు శ్రద్ధగా చదివిన బాలుడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, బాధ యున్నది. అప్పుడు తగిన యుత్తర మీయలేకపోతిమి. ముద్ద చేతిలోనే నిలిచిపోయినది. ఈ యుపన్యాసమును ఆ బాలునికి మా యుత్తరమనుకొనుడు.

మొదట మాటనుగూర్చి విచారింతము. తెలుగు బైబిలునందు పౌలు తన్ను యేసుక్రీస్తు దాసుడనని చెప్పుకొనుచున్నాడు. గ్రీకుభాషలో ఆయన వాడిన మాట దూలోస్. అది జీతగాని పేరు కాదు, పాలికాపు పేరు కాదు; అంగడిలో అమ్మబడి కొనబడు బానిస పేరు. రోమా రాజ్యమున బానిస బ్రదుకెట్టిదో పౌలు కన్నులార చూచినవాడే. ఆయన లేఖలలో మిక్కిలి చిన్నది ఒనేసిము అను బానిసను గూర్చి యతని యజమానుడైన ఫిలేమోనునకు వ్రాసినది. అతనిని ఇకమీదట బానిసగా గాక ప్రియసహోదరునిగా చేర్చుకొమ్మని అందు వేడుకొనెను. తన్ను దాసుడని చెప్పుకొనుటకు సిగ్గుపడని మనుష్యుడు మఱియొకనిని దాసునిగా చూడనొల్లకుండుట మొదట వింతగా దోచును. కాని యీ రెండును ఒక్క నమ్మిక నుండియే పుట్టినవి. మనుష్యుని మీద సంపూర్ణమైన హక్కు దేవునికొక్కనికే కలదని యొప్పుకొన్ననాడు, ఆ హక్కు భూమిమీద మఱియెవనికిని లేదని తేలిపోవును. స్వామి ఒక్కడేయని చెప్పినవాడు తక్కిన స్వాములనందఱిని దింపివేసినవాడే.

ఐగుప్తు వృత్తాంతమునందును ఇట్లే యున్నది. మోషే ఫరో యొద్దకు పోయి, మా జనులను వారి యిచ్చవచ్చినట్లు తిరుగనిమ్మని యడుగలేదు. దేవుని సేవించుటకై పోనిమ్మని యడిగెను. హెబ్రీభాషలో ఇటుకల వెట్టికిని దేవుని సేవకును ఒక్క ధాతువునుండి పుట్టిన మాటలే వాడబడినవి. అనగా ఆ గొడవయంతయు ఈ జనులు ఎవరి దాసులను ప్రశ్నమీదనే నడచినది. ఫరోకు ఆ సంగతి వెంటనే బోధపడినది. వారు దేవుని కొలువునకు పోయిన దినమున తనకు ఇటుకలు చేయువా రుండరు. కావున గడ్డి యిచ్చుట మానిపించి, ఇటుకల లెక్కమాత్రము తగ్గకూడదని శాసించెను. మన పల్లెల చరిత్ర నెఱిగినవారికి ఫరో క్రొత్తవాడు కాడు.

ఇచట నొక యెదురువాదము కలదు. దానిని దాటిపోవుట న్యాయము కాదు. దాసులు యజమానులకు లోబడవలెనని ఇదే గ్రంథమున వ్రాయబడియున్నది. ఆ వాక్యములను పట్టుకొని అమెరికాయందలి తోటల యజమానులు నల్లజాతి బానిసలను శతాబ్దములు అణచియుంచిరి. ఇది నిజము. 1845లో ఆ దేశపు బాప్తిస్టులు బానిసత్వ విషయముననే ఉత్తర దక్షిణ శాఖలుగా చీలిరి. మన ప్రాంతమునకు వచ్చిన మిషను ఉత్తరశాఖవారిది. అయితే ఇంకొక సంగతియు నిజమే. 1807లో లండను నగరమున, పశ్చిమ ఇండియా దీవుల బానిసల యుపయోగార్థమని యొక ప్రత్యేకమైన బైబిలును అచ్చువేసిరి. అందు ఇశ్రాయేలీయులను మోషే ఐగుప్తునుండి నడిపించి తెచ్చిన వృత్తాంతము లేదు! గ్రంథమంతయు బానిసల చేతికిచ్చినచో ఏమగునో అచ్చువేసినవారికి బాగుగా తెలియును. వంగుమని బోధించుటకు వారు ఆ గ్రంథమును కత్తిరింపవలసివచ్చినది. (భార్య లోబడవలెనని యింటిలో వాక్యము చూపు అన్నలకొక మాట. దానికి ముందరి వాక్యమున ఒకరికొకరు లోబడవలెనని యున్నది. ఆ పంక్తి మీ ప్రతిలో నున్నదో, కత్తిరింపబడినదో చూచుకొనుడు.)

మన వృత్తివారికి మిక్కిలి సమీపమైన కథ యొకటి అపొస్తలుల కార్యములలో నున్నది. ప్రసంగవేదికలమీద నిది ఎక్కువగా వినబడకపోవుట మాకు వింతయే. పేతురు యొప్పే పట్టణమున సముద్రతీరమున సీమోను అను చర్మకారుని యింట బసచేసెను. యూదులలో చర్మకారుని వృత్తి హీనముగా నెంచబడునది. తోలు ఊనువాని లంద ఊరికి ఏబదిమూరల దూరమున, తూర్పుదిక్కున మాత్రమే యుండవలెనని వారి ధర్మశాస్త్రజ్ఞులు కట్టడిచేసిరి. తంగేడుచెక్క నానిన లందవాసన నెఱిగిన పెద్ద లీ సభలో నున్నారు; ఊరికి వెలిగా ఇండ్లు కట్టించుట యెట్టిదో వేఱుగ చెప్పనక్కరలేదు. అట్టి యింటి మిద్దెమీద పేతురు ప్రార్థించుచుండగా అతనికొక దర్శనము కలిగినది. దేవుడు పవిత్రము చేసినదానిని నిషిద్ధమని యెంచరాదని అచట నతడు నేర్చుకొనెను. యెరూషలేము దేవాలయమున నేర్వని పాఠము చర్మకారుని మిద్దెమీద నేర్చుకొనెను!

దర్శన మంతటితో ముగియలేదు. మఱునాడు పేతురు కైసరయకు ప్రయాణమై, రోమా సైన్యమున శతాధిపతియైన కొర్నేలి యింటికి పోయెను. కొర్నేలి యెదురేగి యతని పాదములమీద పడెను. పాలకుల సేనలో అధికారియైనవాడు పరాజితజాతివాడైన యొక చేపలవాని పాదములపై పడినాడు. అట్టి గౌరవము కలిగినప్పుడు మనలో నెందఱు కాదందురు? పేతురు వానిని లేవనెత్తి, తానును మనుష్యుడనేయని చెప్పెను. దేవునికి వంగినవాని లక్షణము తాను ఇంకొకనికి వంగకుండుటతో నిలువదు. తనకెవడైన వంగినప్పుడు వానిని పట్టి లేవనెత్తును. ఈ రెండవ సగమును మన సంఘములు తఱచు మఱచినవి. ఆ సంగతికి మరల వత్తుము.

ఇక మన దేశమునకు వత్తము. ఒంగోలునకు పడమట తలకొండపాడు అను పల్లెలో ఎర్రగుంట్ల పేరయ్యగారను మాదిగ పెద్ద యుండిరి. క్రైస్తవుడు కాకమునుపే ఆయన దైవాన్వేషి. వీరమ్మ యను యోగినియొద్ద రాజయోగము నభ్యసించిరి. చదువులేని పల్లెలో, ఊరివారు దారిన నడువనియ్యని మనుష్యుడు, కన్నులు మూసికొని పరమాత్మను వెదకుచుండెనని తలచుకొన్నప్పుడెల్ల మాకు రోమాంచమగును. మిషనరీ వచ్చి మనవారికి దైవమన నేమో నేర్పెనని కొందఱు వ్రాయుదురు. అది సగము నిజము. దాహము మునుపే యున్నది. 1866లో పేరయ్యగారును వారి భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరము క్లౌ దొరగారు ఒంగోలున కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో అచట సంఘ మేర్పడినది.

ఆ తొలిదినములలో లొంగవలసివచ్చినవాడు పేరయ్యగారొక్కరే కారు. దొరగారు మొదట అగ్రవర్ణముల బాలురకు బడి పెట్టి, వారిద్వారా దేశమును గెలువవచ్చునని తలచిరి. అంతలో మాదిగలు వచ్చిరి. వీరిని చేర్చుకొన్నచో మేము మీ బడికి రామని పెద్దకులములవారు చెప్పిరి. ఏమి చేయుటకును తోచక దొరగారు ఒకచోటను, దొరసానిగారు వేఱొకచోటను, ఒకరి సంగతి యొకరికి తెలియకయే బైబిలు తెఱచిరట. ఇరువురికిని కొరింథీయుల మొదటి పత్రికలోని యొక్క భాగమే తగిలినదట. లోకము హీనముగా నెంచినవారినే దేవు డేర్పఱచుకొనెనని చెప్పు భాగమది. ఆ దంపతులు తమ యోచనను విడిచిపెట్టి మాదిగలను చేర్చుకొనిరి. బడి పోయినది. విధేయత మనకే కాదు, వారికిని ఖరీదైనదే.

క్రొత్తగా చేరినవారికి మూడు నియమములు చెప్పిరి. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పైకి చూడ ఇవి మతనియమములు. పల్లెలో నాచరింపబోయినప్పుడు తెలిసినది, ఇవి మూడును వెట్టికట్టు మీద పడిన మూడు గాట్లని. చచ్చిన గొడ్డు మాదిగవాని హక్కని ఊరివారనుచుండిరి. హక్కు కాదది; తోలునకును, చెప్పులకును, కపిల బొక్కెనకును వానిని కట్టివేసిన త్రాడు. విగ్రహపూజ మానుటయనగా జాతరలో డప్పు కొట్టుమన్నప్పుడు కొట్టకుండుట. ఆదివారము మానుటయనగా ఏడింట నొకదినము కాపు పిలిచినను పలుకకుండుట. కోతలు వచ్చినప్పుడు, నూర్పిళ్ళు వచ్చినప్పుడు, మబ్బు పట్టినప్పుడుకూడ పలుకకుండుట! గ్రామాధికారుల కోపమునకు కారణము మతద్వేషము కాదు. ఎవ రే దేవుని గొలిచినను వారు పట్టించుకొనకుందురు. కాని మాదిగవాడు 'నాకు వేఱొక యజమాను డున్నాడు, ఈ దినము ఆయనది' అనుట వారు సహింపలేకపోయిరి. కూలికి పిలువలేదు, మేర గింజలు నిలిపిరి, లేనిపోని ఫిర్యాదులు పుట్టించిరి.

విశ్రాంతిదినమును గూర్చి ద్వితీయోపదేశకాండమున చెప్పబడిన కారణమును చూడుడు. నీ దాసుడును దాసియు నీవలెనే విశ్రమింపవలెను. ఏలయనగా నీవును ఐగుప్తున దాసుడవైయుంటివి, అని దాని తాత్పర్యము. మన పెద్దలకు ఆ కాండము పేరైనను తెలియదు. అక్షరము రాదు. అయినను ఆ దినము యొక్క భావమును వారు సీమపండితులకన్న బాగుగా గ్రహించిరి. మనవారు దేవుని కిచ్చిన మొదటి కానుక ధనము కాదు, ధాన్యము కాదు, ఒక దినము. తమది కాని దినమును కాపునుండి తీసికొని దేవుని కిచ్చిరి. అట్లిచ్చిన తరువాత ఆ దినము తమదే యైనదని చూచి ఆశ్చర్యపడిరి.

ఇచట డప్పును గూర్చి యొక మాట. నేటి యువకులు డప్పును మన యాత్మగౌరవ చిహ్నముగా ఎత్తుకొన్నారు. నిన్న ఊరేగింపులో ఆ నాదము వినినప్పుడు మా కాళ్ళును నిలువలేదు. మన పెద్దలు డప్పు మాని తప్పుచేసిరని కొందఱనుచున్నారు. అట్లు కాదు. కొట్టుమని ఊరివాడు శాసింపగా కొట్టినది వేఱు; నా యిచ్చవచ్చి నా బిడ్డ పెండ్లికి, నా సభకు, నా దేవునికి కొట్టునది వేఱు. నడుమ కొంతకాలము మూలబెట్టనిదే ఆ డప్పు మనది కాకపోవును.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును కాల్చివేసిన గొప్పకరవును గూర్చి మీలో కొందఱు మీ ముత్తవ్వల నోట వినియుందురు. అప్పుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పనిని కంట్రాక్టుగా తీసికొనిరి. వేలకొలది జనులు అచట మన్ను మోసి గంజి త్రాగి బ్రదికిరి. పేరయ్యగారు మొదలగు బోధకులే మేస్త్రీలు. పనివారు అలసి కూర్చుండినప్పుడు, భారము మోయువారికి విశ్రాంతి నిత్తునన్న ప్రభువునుగూర్చి వారు చెప్పుచుండిరి. బాప్తిస్మ మిమ్మని అనేకు లడిగిరి. కరవున్నంతకాలము దొరగా రియ్యలేదు. కూటికొఱకు మతములో కలిసిరన్న నింద వారిమీద పడకూడదని వారి తలంపు. ఈ నింద నేటికిని మనమీద వేయువారున్నారు గనుక ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

కరవు తగ్గినది, కాలువ ముగిసినది. అప్పుడు జనులు మరల వచ్చిరి. ఇంక నాయొద్ద పని లేదు, ధనము లేదు, తిరిగి పొండని దొరగారు చెప్పిరి. మేము సాయము కోరి రాలేదని వారు బదులు చెప్పిరట. కష్టపడితిమనుటకు తమ చేతుల బొబ్బలే సాక్ష్యమనియు, మరల వానలు తప్పినచో చావవలసినదేయనియు, చచ్చినను క్రైస్తవులుగా చావగోరుచున్నామనియు చెప్పిరట. ఆ బొబ్బలచేతులముందర ఏ వాదము నిలుచును? 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఆఱుగురు తెలుగు బోధకులు, ఒకమారునకు ఇద్దఱు చొప్పున నీటిలో నిలిచి, 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. ఆ దినమున దొరగారు తాము ఒక్కరికైన నీయలేదు. మన చేతులే మనవారిని ముంచి లేవనెత్తినవి.

ముంచుట, లేవనెత్తుట. బాప్తిస్మమున ఈ రెండును కలవు. నీటిలోనికి తల వంచిననేగాని లేచుట లేదు. లేచినవాని పేరుకూడ మాఱినది. ఊరిలో గాడు అని పిలువబడినవాడు పల్లెలో అయ్య యైనాడు. బిడ్డలకు దేవదాసు, యేసుదాసు, క్రీస్తుదాసు అని పేళ్ళు పెట్టుకొనిరి. చూచినారా, ఎవరి పేరుచివరనైతే తరతరములుగా గాడు అను రెండక్షరములు తగిలించిరో, వారే తమ బిడ్డల పేళ్ళ చివర దాసు అను రెండక్షరములను కోరి తగిలించుకొనిరి. నిన్నటి యువకుని ప్రశ్నకు మన పెద్దలు చేసిన సమాధానమిది. వారికి తర్కము రాదు గనుక పేరుతో చెప్పిరి.

అయితే కథ యింత చక్కగా నడువలేదు. నడచినదని చెప్పినచో అబద్ధమగును. క్లౌ దొరగారు ఎంత మంచివారైనను దొరగారే. జమీందారుని దొరా యని పిలిచిన నోటితోనే మనవారు మిషనరీని పిలిచిరి. కచ్చేరి యరుగుక్రింద నిలిచినట్లే బంగళా వరండా క్రింద చెప్పులు విడిచి నిలిచిరి. ఆ దొరలు పోయిన తరువాత ఆ వరండాలమీదికి మనవారే యెక్కిరి. కొర్నేలిని లేవనెత్తిన పేతురువలె, తమ పాదములమీద పడిన ముసలివానిని లేవనెత్తిన అధికారు లెందఱు? బిషపుగారికిని, పాష్టరుగారికిని, కమిటీ అధ్యక్షులకును లోబడుటయే దేవునికి లోబడుటయని బోధించు చోట ఐగుప్తు తిరిగి వచ్చినదని తెలిసికొనుడు. మాలవారొక ప్రక్కను మాదిగవారొక ప్రక్కను కూర్చుండు గుడులను మేము చూచితిమి. ఒక్క పాత్రలోని రసమును త్రాగి, బయటికి వచ్చి, పిల్లనిచ్చుటకు మాత్రము కులమడిగెడివారిని చూచితిమి. మిషను స్థలములకై వ్యాజ్యములాడి ముసలివారైనవారిని చూచితిమి. వీరు విధేయులు కారనము. కాని వీరి విధేయత యెవరికో వీరినే యడుగవలెను.

ఇక మా సొంతసంగతి యొకటి చెప్పక యీ విషయము ముగియదు. చెప్పుటకు సంకోచముగానే యున్నది.

స్వరాజ్యము రాకమునుపు మా తాతగారు తమ గ్రామమున ఒక మోతుబరికి చెప్పులును బొక్కెనలును కుట్టి యిచ్చుచు మేర పుచ్చుకొనుచుండిరి. ఒక సంవత్సరము నూర్పిళ్ళ కాలమున ఆదివారమునాడు మనుష్యుని పంపిరి. తాతగారు పోలేదు. సోమవారము రెండు దినముల పని చేసెదను, నేడు నా యజమానుని దినము, అని చెప్పి పంపిరి. ఆ యజమాను డెవడో చూతమని మోతుబరి యా యేటి గింజలు కొలిపింపలేదు. ఆ సంవత్సరము మా యింట చింతగింజలు ఉడుకబెట్టుకొని తినిరని మా అవ్వ చెప్పెడిది. ఆమె దానిని దుఃఖముగా చెప్పలేదు. ఆ ఆదివారము తాతగారు ఉదికిన పంచె కట్టుకొని ఊరి నడివీధినే గుడికి పోయిరని చెప్పునప్పుడు ఆమె కన్నులు మెఱసెడివి. మేము పుట్టినప్పుడు దాసు అను మాటతో ముగియు పేరు పెట్టినది ఆయనయే.

1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన రాష్ట్రపతి యుత్తర్వు నెఱుగనివా రీ సభలో లేరు. హిందువుగానున్న వానికే షెడ్యూల్డుకులపు గుర్తింపు అని అందు కట్టడిచేసిరి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గమున నుంచి, నూటికొకటి వంతు చూపిరి. 2007లో రంగనాథ మిశ్రాగారి కమిషను ఆ కట్టడిని తొలగింపవలసినదని సిఫారసు చేసినది. 2022లో మఱల బాలకృష్ణన్‌గారి కమిషను నేర్పఱచిరి. మతము మారినంతమాత్రమున ఊరివాడు మనకు గ్లాసు మార్చలేదు. ఇల్లు అద్దెకిచ్చుటకు సమ్మతింపలేదు. ఈ న్యాయవాదమంతయు నిన్న మన తీర్మానములలో వచ్చినది గనుక విస్తరింపము.

మమ్ము బడిలో వేయునప్పుడు మా తండ్రిగారు దాసు తీసివేసి రావు అని వ్రాయించిరి. మతమను గడిలో హిందువని వ్రాయించిరి. మేమాయనను నిందింపము. బిడ్డకు హాస్టలులో అన్నము దొరకుటకై వ్రాలు చేసిన తండ్రిమీద రాయి వేయువాడు మాకెదురు పడవలదు. కాని పెద్దవారమైన తరువాత ఆ వ్రాలును మేమే కొనసాగించితిమి. సర్కారు కొలువులో చేరితిమి. ముప్పదిరెండు సంవత్సరములు ఆదివారమున గుడిలో కడపటి బల్లమీద కూర్చుంటిమి. బైబిలును ఆఫీసు ఫైలు అట్టలో పెట్టుకొని పోవుచుంటిమి. సంఘపు రిజిస్టరులో పేరు వ్రాయింపలేదు. ప్రభువు బల్లకు పిలిచినప్పుడు చెప్పులు వెదకుకొనుచున్నట్లు నటించి బయటికి వచ్చుచుంటిమి. సోమవారమున తోటి గుమాస్తా, నిన్న కనబడలేదే యనిన, బంధువుల యింటికి పోయితిమనుచుంటిమి. మమ్మెవరును కొట్టలేదు, మేర నిలుపలేదు. కుర్చీ యున్నది, విసనకఱ్ఱ యున్నది, నెలజీత మున్నది. తాతగారు ఏడింట నొకదినము మోతుబరినుండి గెలుచుకొనిరి. ఆ గెలిచిన దినమును మేము ముప్పదిరెండేండ్లు దాచిపెట్టితిమి.

ఆ తాతమనుమలలో స్వతంత్రు డెవడని నిన్న మమ్ము ప్రశ్నించిన బాలుని అడుగుచున్నాము. చింతగింజలు తిన్నవాడా, జీతము తిన్నవాడా? దీనిలో చట్టముయొక్క అన్యాయము చాలగలదు. ఒక పేదవానిని తన అన్నమునకును తన దేవునికిని నడుమ నిలువబెట్టుట పాలకులకు తగినపని కాదు. దానికై పోరాడుదము. ఇప్పటికిని ఆ కాగితముమీద వ్రాలు చేయుచున్న తల్లిదండ్రులను మేము తప్పుపట్టము. కాని భయము చట్టమునుండి వచ్చి మా లోపల కాపురము పెట్టినది. ఆఫీసులో నెవడును మా మతమును గుచ్చి యడుగలేదు. అడుగుదురేమోయని మేమే ప్రతిదినము మాకు కావలి కాచుకొంటిమి. దేవునికి వంగుటకు సిగ్గుపడినవాడు ఊరిలో అటెండరునకుసైతము జంకవలసివచ్చినది. వంగుట యెన్నడును మానలేదు. వంగిన చోటు మాత్రము తప్పు.

పింఛను పుచ్చుకొన్న రెండవ సంవత్సరమున ఒక శనివారము సాయంకాలము పాష్టరుగారి యింటికి పోయితిమి. పింఛను వచ్చిన పిదప చేసినది గనుక ఇందు శౌర్యమేమియు లేదని ముందే మనవి చేయుచున్నాము. ఆయన చిన్నవాడు, మమ్ము చూచి లేచి నిలుచుండి, తన కుర్చీ మాకు వేసెను. రిజిస్టరు తీసి పేరడిగెను. మా నోట మొదట రావు అనియే వచ్చినది. ఆగి, తాతగారు పెట్టిన పేరు చెప్పితిమి. ఆ పేరు పలికి చాలకాలమైనది గనుక గొంతు పట్టినది. ఆయన రెండవసారి చెప్పుమని, వ్రాసికొని, తండ్రిపేరడిగెను. మఱునాడు బల్లకు పోయితిమి.

ఆ యువకుడు మూడవ వరుసలో కూర్చుండియున్నాడు. అతనికి రెండవ ప్రశ్న యున్నట్లు ముఖము చూడ తెలియుచున్నది. అధ్యక్షులవారు అనుమతించినయెడల అడుగవచ్చును.